ముప్పావంగుళం పాతకాపులు

నేను చెప్పబోయేదాంట్లో అబద్ధమనేది కాజా కన్నమంత కూడా లేదు. యాభై ఏళ్ళుగా ఏ కళ్ళజోడుతో సూదిలో దారం ఎక్కిస్తున్నానో ఆ కళ్ళజోడు మీద ఒట్టు. ఇదంతా సాలూరులో, మా వరహాలమ్మ గారి కుట్టుబడి వరండాలో, పట్టపగలు, నా ఎదురుగా జరిగింది. నేను కాజాలు కుట్టే సింహాచలాన్ని. వరహాలమ్మ గారు గుడ్డ కోస్తుంది, ఆవిడ శిష్యురాళ్ళు మిషను మీద కుడతారు, ఆఖర్న కాజాలూ హుక్కులూ నావి. ఈ చుట్టుపక్కల మూడు జిల్లాల్లో ఆడవాళ్ళు గట్టిగా తుమ్మినా జాకెట్టు హుక్కు ఊడటం లేదంటే అది నా చేతి చలవే.

వరహాలమ్మ గారి దగ్గర కోత నేర్చుకున్నవాళ్ళని వరసగా నిలబెడితే సాలూరు నుంచి సముద్రం దాకా వస్తారు. అంత పేరున్నా ఆవిడకో గుణం ఉంది. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పదు. వింటూనే ఉంటుంది, చేతిలో సుద్దతో గుడ్డ మీద గీత గీస్తూనే ఉంటుంది. ఆ గీత అవతలి అంచుకి చేరేలోపు, అడిగినవాళ్ళు చాలాసార్లు తమ ప్రశ్నలోనే ఓ చిరుగు చూసుకుని, నమస్కారం పెట్టి లేచిపోతారు. నా ఎరుకలో అలా లేచిపోయినవాళ్ళు ఓ నాలుగువేలమంది ఉంటారు.

ఆ రోజు విజయనగరం నుంచి వసుంధర వచ్చింది. పదకొండేళ్ళ కింద ఈ వరండాలోనే నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు అక్కడ సొంత దుకాణం, కింద ముగ్గురు పనివాళ్ళు, మనిషిలో ఓ నిండుదనం. దుకాణం కంటే పెద్దది ఇంకోటి పెట్టింది, ఫోనులో 'సూదీ దారం' అని ఓ గ్రూపు. ఇంట్లో మిషను పెట్టుకుని కుట్టే ఆడవాళ్ళంతా అందులో ఉంటారు. లక్షమంది ఉన్నారని నేను ఊరంతా చెప్పాను. తొమ్మిదివేలేనని వసుంధర అంటుంది. తొమ్మిదివేలమంది ఆడవాళ్ళు ఒక్కచోట మాట్లాడుకుంటుంటే లక్షమందిలా వినిపించదా ఏం?

ఆ గ్రూపులో ఓ మంచి పద్ధతి ఉంది, అదీ వసుంధర పెట్టిందే. పట్నంలో కుట్టించుకునేవాళ్ళు ఎక్కువ, కుట్టడానికి తీరిక తక్కువ. పల్లెల్లో తీరికుంది, కుట్టించుకునేవాళ్ళు లేరు. అంచేత పట్నంలో ఉన్న ఓ చెయ్యి తిరిగినావిడ, కుట్టించుకునేవాళ్ళ ఒంటికొలతలు తీసి, అంకెలు ఫోనులో పెట్టి, గుడ్డ బస్సుకిచ్చి పంపుతుంది. ఎక్కడో కొండవార ఉన్న ఓ పిల్ల ఆ అంకెల ప్రకారం కోసి, కుట్టి, తిరుగు బస్సులో పంపుతుంది. కొలత ఒకరిది, కోత ఇంకొకరిది. ఇలా ఎంతమంది ఇళ్ళలో మూలపడ్డ మిషన్లు మళ్ళీ తిరిగాయో! పంపే కొలతల్లో ముప్పాతిక భాగం వసుంధర తీసినవే.

వసుంధర వస్తూనే గురువుగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, చాప మీద కూర్చుని అడిగింది. "అమ్మా, మా గ్రూపుకి అయిదేళ్ళు నిండుతున్నాయి. కొందరి పేరు పక్కన 'పాతకాపు' అని ఓ గుర్తు పెడదామనుకుంటున్నాం. ఆ గుర్తున్నవాళ్ళ మాటే అందరికీ పైన కనబడుతుంది. కొత్తవాళ్ళు వాళ్ళనే అడగాలి. తగువొస్తే వాళ్ళు చెప్పిందే ఆఖరు. అయితే ఎవరికివ్వాలో తేలటం లేదు. ఎన్నేళ్ళయిందో చూడమని కొందరు, ఎన్ని జవాబులు చెప్పారో లెక్కపెట్టమని కొందరు. ఎక్కువ లైకులొచ్చినవాళ్ళకి ఇచ్చెయ్యమనేవాళ్ళు కూడా ఉన్నారు. దేన్ని చూసి ఇవ్వాలో మీరు చెప్పండి. మీ మాటంటే ఇంక ఎవరూ ఎదురాడరు."

"చేతిలో కాయితం చూస్తే జాబితా రాసుకునే వచ్చినట్టున్నావు?" అన్నాను నేను.

"ఊరికే అనుకున్నాం పిన్నీ. పదకొండు పేర్లు."

"మొదటి పేరు ఎవరిదో?"

వసుంధర కాయితం కొంచెం మడిచింది. "గ్రూపు పెట్టింది నేనే కదా పిన్నీ, మరి ఎవరిది రాస్తారు?"

వరహాలమ్మ గారి సుద్ద గీత గుడ్డ మధ్యలోకి వచ్చింది. అప్పుడే గేటు చప్పుడైంది.

వచ్చింది ముప్పై ఏళ్ళ లోపు పిల్ల. నుదుటి మీద చెమట, భుజానికి సంచి, గుండెకి హత్తుకున్న ఓ కాయితం పొట్లం. లోపల కోడిగుడ్లేవో ఉన్నాయన్నంత పదిలంగా పట్టుకుంది. మెట్టు దగ్గరే ఆగిపోయి, "వరహాలమ్మ గారంటే మీరేనేటండీ?" అంది. "నా పేరు పైడితల్లి. మాది మక్కువ అవతల. మిమ్మల్ని ఒక్క మాట అడిగీసి ఎల్లిపోతాను. ఈ పని నా సేతిలో ఉన్నాదో లేదో సూసి సెప్పండి. లేదంటే మిషను మా ఆడపడుసుకి ఇచ్చీత్తాను. ఇచ్చీత్తానని మాట కూడా ఇచ్చీసేను."

వసుంధర చటుక్కున తలెత్తింది. "పైడితల్లా? మా గ్రూపులో బిగుతు పైడితల్లివి నువ్వేనా?"

ఆ పిల్ల ఒక్క క్షణం తేరిపార చూసి, "ఓలమ్మ! వసుంధరక్కా మీరు?" అంది. "ఫొటోలో గులాబీ పువ్వు ఉంటాది కదా, మిమ్మల్నెలాగ పోల్చను?"

ఇంక వసుంధర ఆగలేదు. గురువుగారి వైపు తిరిగింది. "చూడండమ్మా, ఇలాంటివాళ్ళ కోసమే ఆ గుర్తు కావాలంటున్నాను. చేరి ఆరు నెలలు కాలేదు. కొలతలు నేను తీసి పంపితే మూడు జాకెట్లు కుట్టింది, మూడూ బిగుతే. పోనీ నేర్చుకుంటుందా అంటే, ప్రతిసారీ గ్రూపులో తొమ్మిదివేలమంది ముందు 'అక్కా, కొలత ఓపాలి సూడండి' అని పెడుతుంది."

"మరెక్కడ పెట్టాల అక్కా? విడిగా మీకు పన్నెండు సార్లు పెట్టేను. మీరు సూడ్లేదు."

"చూశాను. కుట్టుకి వదిలే మడత సరిగ్గా వదలమని చెప్పాను."

"వొదిలేను."

"మరి నీ చేతిలోనే లోపం ఉంది. అందరూ అదే చెప్పారు కదా!"

"సెప్పేరు," అంది పైడితల్లి. "అందుకే ఈవిడ దగ్గరికొచ్చేను." పొట్లం ఇంకాస్త గట్టిగా హత్తుకుంది గానీ కన్నీళ్ళు రాలేదు. వచ్చి ఉంటే వరండా మునిగేది. "అక్కా, కోప్పడకండి. మా ఊళ్ళో నాను కొలిసి, నాను కోసి కుట్టినవి సక్కగా వొత్తన్నాయి. మీరు కొలిసిన అంకెలకి కోత్తేనే ఒంటికి పట్టీసుకుంటన్నాయి. నాకదే తెలీటం లేదు."

"నేను కొలిచి నేను కోసినవి పదకొండేళ్ళలో ఒక్కటి వెనక్కి రాలేదు. అది మాత్రం ఏం చెబుతావు?"

ఇద్దరి మొహాలూ చూశాను. ఇద్దరూ ఒట్టేసినట్టే మాట్లాడుతున్నారు. నేను అబద్ధాలు ఆడేవాళ్ళని ఆమడ దూరం నుంచి పసిగట్టే మనిషిని, కారణం అడక్కండి. ఆ ఇద్దరిలో ఒక్కరు కూడా ఆడటం లేదు.

"పొట్లంలో ఏముందమ్మా?" అని అడిగింది వరహాలమ్మ గారు. ఆ పూట ఆవిడ అన్న మొదటి మాట అదే.

పైడితల్లి వచ్చి చాప మీద పొట్లం విప్పింది. వంగపండు రంగు పట్టు, జరీ అంచు. వరండా అంతా దీపాలు పెట్టినట్టయింది. పెళ్ళికూతురి చీర చివర నేసిన జాకెట్టు గుడ్డ అది. ఆ చీరతో పాటు మగ్గం మీద ఒక్కటే నేస్తారు, చెడితే ఇంకోటి ఎక్కడా దొరకదు. మూడో జాకెట్టు బిగుతై తిరిగొచ్చేలోపే వసుంధర ఈ గుడ్డ పంపేసింది. పెళ్ళి వచ్చే ఆదివారం. పైడితల్లి దాన్ని తొమ్మిది రోజులుగా దగ్గర పెట్టుకుని, రోజూ కత్తెర తీసి, మళ్ళీ లోపల పెట్టేస్తోంది.

"ఇదీ పాడైతే గ్రూపులోంచి ఎల్లిపొమ్మన్నారు అక్క," అంది. "ఎల్లిపోడానికి బాధ లేదమ్మా. ఈ పెళ్ళికూతురి జాకెట్టు పాడు సేసీనానన్న మాట పడీసినాక ఇంక సూది ముట్టను. అందుకే కొయ్యకముందే అడుగుదామని వొచ్చేను."

"మొదటిది బిగుతైనప్పుడు ఏం చేశావు?" అంది వరహాలమ్మ గారు.

"నా టేపు పాడైపోయిందనుకుని కొత్తది కొన్నానమ్మా. రెండోది బిగుతైతే ఇంకోటి కొన్నాను. మూడోది కూడా అలాగే అయితే, మా ఊరి గుడ్డలకొట్టుకి ఎల్లి, అక్కడి ఇనపబద్ద మీద మూడు టేపులూ ఏసి సూసేను. మూడూ సరిగ్గానే ఉన్నాయి. అంటే టేపుల్ది కాదు, నా సేతిదే తప్పన్నమాట." సంచిలోంచి మూడు టేపులు తీసి చాప మీద పెట్టింది. నాకు నవ్వొచ్చింది. మూడు జాకెట్లకి మూడు టేపులు మార్చే మనిషిని ఈ భూమ్మీద నేనింకెక్కడా చూడలేదు.

వరహాలమ్మ గారి సుద్ద ఆగింది. గీత ఇంకా జానెడు మిగిలే ఉంది. ఆవిడ గీత మధ్యలో ఆపటం నేను అదే మొదటిసారి చూడటం. వీధిలో వెళ్ళే లారీలు కూడా ఆగిపోయాయంటే మీరు నమ్మరు గానీ, ఆగాయి.

"వసుంధరా, నీ టేపు ఉందా?"

"ఉందమ్మా, ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది." వసుంధర మొహం వెలిగింది. చేతిసంచిలోంచి ఓ చిన్న వెండి భరిణె తీసింది. అందులో మడతలు పెట్టిన పాత గుడ్డ టేపు. అంకెలు సగం అరిగిపోయాయి, అంచుకి పసుపు బొట్టు. "నేర్చుకోవటం అయిపోయిన రోజు మీరు మీ చేత్తో ఇచ్చిందే. పదకొండేళ్ళుగా ప్రతి కొలతా దీంతోనే. దసరాకి మిషనుతో పాటు దీనికీ పూజ చేస్తాను. మా పనివాళ్ళు ఎన్ని కొత్తవి తెచ్చినా నా చెయ్యి వాటి మీదికి పోదు."

"సింహాచలం, లోపల తలుపు వెనక గజంబద్ద ఉంది. పట్రా."

తెచ్చాను. సరిగ్గా ముప్పై ఆరు అంగుళాల టేకు బద్ద, రెండు కొసలకీ ఇత్తడి తొడుగు. వరహాలమ్మ గారు దాన్ని చాప మీద పెట్టి, వసుంధర టేపు మొదలు ఒక కొసకి ఆనించి, బద్ద పొడుగునా సాఫీగా పరిచింది. లాగలేదు, వదల్లేదు. రెండో కొస దగ్గర వేలు పెట్టి, "చదువు," అంది.

వసుంధర వంగింది. చూసింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూసింది. నేనూ తల దూర్చాను. బద్ద ముప్పై ఆరు దగ్గర అయిపోయింది. టేపు మాత్రం అక్కడ ముప్పై అయిదుంపావే చూపిస్తోంది. పదకొండేళ్ళు లాగి లాగి కొలిస్తే గుడ్డ టేపు ముప్పావంగుళం సాగింది. గీతలు ఒకదానికొకటి దూరం జరిగాయి. ముప్పై ఆరు ఉన్న మనిషి దానికి ముప్పై అయిదుంపావుగా కనబడుతోంది.

ఇక్కడే అసలు తమాషా. వసుంధర ఆ సాగిన టేపుతో ఒంటిని కొలిచి, గుడ్డనీ ఆ సాగిన టేపుతోనే కోస్తుంది. కొలతలో తగ్గిన ముప్పావు కోతలో తిరిగి వచ్చేస్తుంది. అంచేత ఆవిడ చేతి జాకెట్టు ఎన్నడూ వెనక్కి రాలేదు. అదే అంకెని ఫోనులో ఇంకొకరికి పంపితే, వాళ్ళ టేపు మంచిది కాబట్టి, వాళ్ళు ముప్పావంగుళం తక్కువగా కోస్తారు. ఒక్క దుకాణంలో ఉన్నంతకాలం ఆ తప్పు పుట్టినచోటే సర్దుకుపోయేది. వందమందికి కొలత చెప్పే పెద్దరికం వచ్చాకే అది బస్సెక్కి ఊళ్ళు తిరగటం మొదలుపెట్టింది.

వసుంధర తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఒప్పుకుంటే నేనే ఆశ్చర్యపోయేదాన్ని. "అది కాదమ్మా," అంది. "ఇదే నిజమైతే ఇన్నేళ్ళలో ఎవరో ఒకరు చెప్పేవారు కదా? ఈ జాబితాలో ఉన్న పదిమందికీ నేను వందల కొలతలు పంపాను. వాళ్ళు కుట్టినవి సరిపోతున్నాయి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, బిగుతని అనలేదు."

"రెండో పేరు ఎవరిది?" అంది వరహాలమ్మ గారు.

"నీలవేణిది. పాలకొండ. నా కుడిచెయ్యి లాంటిది."

"ఫోను చేసి నాకియ్యి. అందరికీ వినపడేలా పెట్టు. నువ్వు మాట్లాడకు."

ఫోను రెండుసార్లు మోగేసరికే అవతల ఎత్తారు. "నీలవేణీ, నేను సాలూరు వరహాలమ్మని."

"అమ్మా! నమస్కారమమ్మా! మీరు నాకు ఫోను చెయ్యడమా! మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయమ్మా?"

"ఉన్నచోటే ఉన్నాయి. నాకో సంగతి చెప్పు. వసుంధర కొలత పంపితే నువ్వెలా కోస్తున్నావు?"

అవతల కుక్కర్ కూత వినపడింది. "ఎలా అంటే ఏముందమ్మా... ముప్పావంగుళం కలుపుకుని కోస్తాను. ఛాతీకి ముప్పావు, చేతి చుట్టుకొలతకి పావు కంటే తక్కువే."

"ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగేళ్ళయి ఉంటుంది. నేను రెండు జాకెట్లు పాడుచేసుకున్నాక మా గ్రూపులో కృష్ణకుమారక్క చెవిలో వేసింది. పాతవాళ్ళం అందరం కలుపుతామమ్మా. అది మాలో మాకు తెలిసిన లెక్క."

"కొత్తగా చేరినవాళ్ళకి చెబుతారా?"

"వాళ్ళూ ఒకటీ రెండూ పాడుచేసుకుంటే వాళ్ళకే తెలుస్తుంది. మేం మాత్రం అలా తెలుసుకోలేదూ? అదేదో బిగుతు పైడితల్లట, ఆరు నెలలుగా గొడవ చేస్తోంది. ఇంకో రెండు పాడయితే దారికొస్తుంది లెండి."

"వసుంధరకి చెప్పలేదా?"

"అయ్యో రామ! వసుంధరక్కకా? ఆవిడెంత, మేమెంతమ్మా? చిన్నబుచ్చుకుంటుంది. ఆవిడంటే మాకు ప్రాణం. మీరూ అనకండేం? పైగా ఇప్పుడు పాతకాపు గుర్తులిస్తున్నారు, ఈ సమయంలో ఎందుకొచ్చిన మాట..."

వరహాలమ్మ గారు ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి ఫోను పెట్టేసింది.

వసుంధర తన కాయితం మీది పేర్లు ఒక్కొక్కటే మళ్ళీ చదువుకుంది. నిజం చెప్పాలంటే నాకు పైడితల్లి మీద భయం వేసింది. మూడు జాకెట్లకీ తొమ్మిది రోజుల నిద్రకీ ఇప్పుడు లెక్క తీరుస్తుంది కాబోలు, ఈ వరండాలో గాలివాన లేస్తుంది కాబోలు అనుకుని నా సూదుల డబ్బా ఒళ్ళోకి తీసుకున్నాను. ఆ పిల్ల వసుంధర మొహం వంకే చూడలేదు. టేపు వంక చూస్తోంది. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది.

"అక్కా," అంది. "ఈ పెళ్ళికూతుర్ని కూడా మీరు ఈ టేపుతోటేనా కొలిసేరు?"

వసుంధర తల ఊపింది.

"అయితే ఇదొక్కపాలి నాకియ్యండి."

మేం చూస్తుండగానే పట్టు గుడ్డని తిరగేసి పరిచింది. వసుంధర పంపిన అంకెలు ఫోనులో తీసి పక్కన పెట్టుకుంది. తన మూడు టేపులనీ అవతలికి నెట్టేసి, ఆ సాగిపోయిన పాతదాన్నే గుడ్డ మీద వేసి, ఒక్కో అంకె దగ్గరా సుద్ద చుక్క పెట్టుకుంటూ పోయింది. దేంతో కొలిచారో దాంతోనే కోస్తోంది! ముప్పావు కలపక్కర్లేదు, పావు తియ్యక్కర్లేదు. చుక్కలన్నీ అయ్యాక ఒక్కసారి గురువుగారి మొహం చూసింది. వరహాలమ్మ గారు తన కత్తెర తీసి, పిడి ఆ పిల్ల వైపు తిప్పి ఇచ్చింది. ఆ కత్తెర ఆవిడ ఎవరికీ ఇవ్వదు. కలెక్టరు వచ్చి అడిగితే ఇవ్వలేదు. సరే, కలెక్టరు అడగలేదనుకోండి, అడిగినా ఇచ్చేది కాదు.

గుడ్డ జారకుండా అవతలి కొసని పట్టుకోవాలి. నేను లేవబోయేలోపే వసుంధర వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకుంది. కత్తెర కర్రుకర్రుమంటూ ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. ఆ జాకెట్టు పెళ్ళికూతురి ఒంటికి, ఆవిడ అందులోనే పుట్టిందా అన్నట్టు సరిపోయింది. ఆదివారం నేను స్వయంగా వెళ్ళి చూశాను. పిలవలేదు, అయినా వెళ్ళాను. కాజాలు నావి కదా, వాటికోసమైనా చూసుకోవాలి.

కోత అయ్యాక వసుంధర ఫోను తీసింది. రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. ఓ ఏడాది పట్టిందనిపించింది. చివరికి పైకి చదివింది. "నా టేపు ముప్పావంగుళం సాగిపోయింది. అయిదేళ్ళుగా నేను పంపిన కొలతలన్నీ తక్కువే. బిగుతు మీ చేతుల్లో లేదు, నా కొలతలో ఉంది. ముందుగా పైడితల్లిని క్షమించమని అడుగుతున్నాను." ఇంకోసారి ఆలోచిస్తే చెయ్యలేననుకుందో ఏమో, గబుక్కున నొక్కేసింది. ఇంక ఆ ఫోను మోగిన మోత చెప్పలేను. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో, నేనూ పాడుచేసుకున్నాను, నేనూ మానేశాను, నా మిషను అటక మీద పెట్టేశాను అంటూ రాశారు. నలభై మంది అని వసుంధర లెక్కపెట్టింది. ఈసారి నేను పెంచటం లేదు, నలభై చాలు. జాబితాలో ఉన్న పదిమందిలో ఒక్కరు కూడా ఏమీ రాయలేదు.

"నేనెవర్నీ అడగలేదమ్మా," అంది వసుంధర నెమ్మదిగా. "ఈ పిల్ల అడిగితే బిగుతు పైడితల్లి అని పేరు పెట్టాను."

"ఆ పేరు బాగానే ఉందక్కా," అంది పైడితల్లి, కోసిన ముక్కలు వరసగా మడత పెట్టుకుంటూ. "మా ఊళ్ళో ఇంతకంటే సెడ్డవి ఉన్నాయి. మిషను ఇంక ఇవ్వనని మా ఆడపడుసుకి సెప్పాల. ఆవిడ పెట్టే పేరు ఇనాల అప్పుడు."

అందరం నవ్వాం, వసుంధర కూడా నవ్వింది గానీ, చేతిలో కాయితం మాత్రం వదల్లేదు. తన పేరు కొట్టేసింది. నీలవేణి పేరు మీద కలం పెట్టి ఆగింది. మళ్ళీ గురువుగారి దగ్గరికి జరిగి, వచ్చినప్పుడు అడిగిన దానినే ఇంకోలా అడిగింది. "ఇప్పుడీ జాబితా ఏం చెయ్యనమ్మా? పాతవాళ్ళకి ఇవ్వకూడదని అర్థమైంది. కొత్తదైనా పైడితల్లి పేరు రాసెయ్యనా? పాతకాపంటే అసలు ఎవరో ఒక్క మాట చెప్పండి."

"నాకొద్దక్కోయ్," అంది పైడితల్లి.

వరహాలమ్మ గారు మిగిలిపోయిన జానెడు గీతా గీసింది. సుద్ద పక్కన పెట్టి, చేతులు దులుపుకుంది.

"బజారులో సూదుల కొట్టు ఇంకా తెరిచే ఉంటుంది. వెళ్ళి ఓ కొత్త టేపు కొనుక్కురా, వసుంధరా."

వసుంధర చెప్పులు తొడుక్కుని గేటు దాకా వెళ్ళింది. వరహాలమ్మ గారు వెనక్కి పిలిచి, గజంబద్ద ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకెళ్ళు. కొత్తది కదా అని కొలవకుండా తెచ్చేవు."